గుటక గతి తప్పితే

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక ఇంట్లోవాళ్లు డాక్టరును అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. చెయ్యి ఎప్పుడు లేస్తుంది? నడక వస్తుందా? మాట తేటపడుతుందా? ఇవన్నీ అయ్యాక, అడగాలా వద్దా అన్నట్టు ఇంకొకటి అడుగుతారు. "అన్నం ఎలాగోలా తింటున్నారు గానీ, గుక్కెడు మంచినీళ్లు తాగితే చాలు, పొలమారుతోంది. గొంతులో ఏమైనా జబ్బుందా డాక్టరుగారూ?"

గొంతులో జబ్బేమీ ఉండదు. అయినా ఈ ప్రశ్న చివర కాదు, మొట్టమొదట రావాలి. పడిపోయిన చెయ్యి మనిషిని ఇబ్బంది పెడుతుంది. గతి తప్పిన గుటక ప్రాణం మీదికి తెస్తుంది. పక్షవాతం తర్వాత మింగుడు దెబ్బతినడాన్ని వైద్యులు డిస్ఫేజియా అంటారు. కెనడాకు చెందిన రోజ్‌మేరీ మార్టినో బృందం అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2005లో ఒక లెక్క ప్రచురించింది. పక్షవాతం వచ్చినవాళ్లలో నూటికి 37 మంది నుంచి 78 మంది దాకా ఈ ఇబ్బంది ఉంది. ఎందుకింత తేడా? పైపైన చూసి వేసిన లెక్కల్లో తక్కువ తేలింది, పరికరాలతో గొంతు లోపలికి చూసిన లెక్కల్లో ఎక్కువ తేలింది. అంటే మంచం పక్కన నిలబడి చూసే కంటికి దొరకని ఇబ్బంది చాలానే ఉందన్నమాట. ఈ అధ్యాయంలో ముఖ్యంగా చెప్పదలచింది దాని గురించే.

రెండు దారులు కలిసే చోట

చదవడం ఒక్క నిమిషం ఆపి, రెండు వేళ్లు గొంతు ముందు గట్టిగా తగిలే భాగం మీద ఆనించి ఒక గుటక వేయండి. వేళ్ల కింద అది చటుక్కున పైకి లేచి, మళ్లీ దిగుతుంది. అదే స్వరపేటిక. మాట పుట్టేది అక్కడే. అయితే దాని మొదటి ఉద్యోగం మాట్లాడించడం కాదు, ఊపిరిగొట్టానికి కాపలా కాయడం.

ఆ కాపలా ఎందుకు కావాలో తెలియాలంటే గొంతు కట్టడం చూడాలి. ముక్కు పైన ఉంది, నోరు కింద ఉంది. గొంతులోకి వచ్చేసరికి గాలి వెళ్లే గొట్టం ముందుంటుంది, అన్నం వెళ్లే గొట్టం వెనకుంటుంది. కాబట్టి గాలి దారీ అన్నం దారీ ఒకదాన్నొకటి అడ్డంగా దాటక తప్పదు. మన ఊళ్లలో రోడ్డు రైలుపట్టాలను దాటే చోటు లాంటిదది. రోడ్డు మీద బండ్లు తిరుగుతూనే ఉన్నట్టు ఊపిరి రోజంతా ఆడుతూనే ఉంటుంది. ముద్ద మాత్రం రైలులా అప్పుడప్పుడు వస్తుంది. వచ్చే ముందు గేటు పడాలి, రైలు దాటాలి, గేటు లేవాలి.

ముద్దను నాలుక కూడగట్టి వెనక్కి నెట్టగానే కొండనాలుక వైపున్న మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారి మూస్తుంది. స్వరపేటిక పైకీ ముందుకీ జరిగి నాలుక మొదట్లో దాక్కుంటుంది. దాని మీద ఉపజిహ్విక అనే చిన్న మూత వాలుతుంది. లోపల స్వరతంత్రులు రెండూ దగ్గరగా బిగుసుకుంటాయి. ఊపిరి ఆ క్షణానికి ఆగుతుంది. ఎప్పుడూ బిగిసి ఉండే అన్నవాహిక పైకొస అప్పుడే తెరుచుకుంటుంది. గొంతులో జరిగే ఈ పని మొత్తానికి పట్టే సమయం ఒక్క సెకను. అందులో ముప్పైకి పైగా కండరాలు పాల్గొంటాయి. తలలోంచి వచ్చే నరాల్లో ఐదు జతలు వాటిని నడుపుతాయి. అన్నం తినేటప్పుడే కాదు, నోట్లో ఊరే లాలాజలాన్ని కూడా ఇలాగే మింగుతాం. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. కాబట్టి ఏమీ తినని మనిషి కూడా పగలూ రాత్రీ గుటకలు వేస్తూనే ఉంటాడు.

దెబ్బ తగిలింది మెదడుకు

గేటు వేసే మనిషి గొంతులో లేడు, మెదడులో ఉన్నాడు. మెదడు అడుగుభాగాన, వెన్నుపాము మొదలయ్యే చోట మెడుల్లా అనే బొటనవేలంత భాగం ఉంది. ఏ కండరం ఎప్పుడు కదలాలో వరస తప్పకుండా నడిపించేది అదే. పైనున్న పెద్దమెదడు ముద్ద వచ్చిందని కబురు పెడుతుంది, నమలడాన్నీ నాలుకనూ చూసుకుంటుంది.

రక్తనాళం మూసుకుపోయి మెడుల్లాలో ఒక పక్క దెబ్బతింటే కాళ్లూ చేతులూ బాగానే ఉండవచ్చు, గుటక మాత్రం పూర్తిగా పోవచ్చు. జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ ఈ రకం పక్షవాతాన్ని 1895లో వివరించాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే. "చెయ్యీ కాలూ ఆడుతున్నాయి కదా, ఇంక భయమేముంది" అనుకునే చోట ఇది గుర్తుండాలి.

పెద్దమెదడులో దెబ్బ తగిలితే జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చేతిని ఎదుటివైపు మెదడు నడుపుతుంది. మరి గొంతు మధ్యలో ఉంది కదా, దాన్నెవరు నడుపుతారు? ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో షహీన్ హమ్దీ, ఆయన సహచరులు పుర్రె మీద అయస్కాంత చుట్టను ఆనించి, మెదడులో ఒక్కో చోటును కదిలిస్తూ గొంతు కండరాలు ఎలా స్పందిస్తున్నాయో కొలిచారు. ఫలితాలు 1996లో వచ్చాయి. గొంతుకు మెదడు రెండు సగాల్లోనూ చోటుంది, కానీ సమానంగా లేదు. ఒక సగంలో ఎక్కువ, రెండోదానిలో తక్కువ. కుడిచేతివాటం, ఎడమచేతివాటంతో దీనికి సంబంధం లేదు. ఎక్కువ చోటున్న సగం దెబ్బతింటే మింగుడు పోతుంది, తక్కువ చోటున్నది దెబ్బతింటే మిగులుతుంది. ఒకే తీరు పక్షవాతం వచ్చిన ఇద్దరిలో ఒకాయన మర్నాడే ఇడ్లీ తింటే, ఇంకొకాయనకు గుక్కెడు నీళ్లు కూడా దిగకపోవడానికి ఒక కారణం ఇదే.

తర్వాత ఆ బృందం పక్షవాతంతో మింగుడు పోయినవాళ్లను మొదట్లోనూ, కొన్ని నెలలు గడిచాక మళ్లీనూ ఇలాగే పరీక్షించింది. గుటక తిరిగి వచ్చినవాళ్లలో దెబ్బతిన్న సగం పెద్దగా మారలేదు. దెబ్బ తగలని సగంలో గొంతుకున్న చోటు పెరిగింది. గుటక రాని వాళ్లలో అలా పెరగలేదు. ఈ ఒక్క సంగతే ఇంటిల్లిపాదికీ ధైర్యం ఇవ్వాలి. చేతికి అంత తేలిగ్గా దొరకని రెండో అండ గొంతుకు పుట్టుకతోనే ఉంది. చాలామందికి మొదటి కొన్ని వారాల్లోనే గుటక మెరుగుపడుతుంది. ఆ వారాలు ఊపిరితిత్తులు పాడుకాకుండా గడవడమే అసలు సమస్య.

దగ్గు రాలేదని నిశ్చింతగా ఉండొద్దు

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మనవాళ్లు అంటారు. నెత్తిన తట్టి గ్లాసుడు నీళ్లు అందిస్తారు. పొలమారడం నిజానికి గొప్ప రక్షణ. గాలి దారిలోకి మెతుకో చుక్కో జారిందని శరీరం పసిగట్టి, దగ్గుతో బయటికి గెంటేస్తోంది. ఆ దగ్గును ఆపకూడదు, మధ్యలో నీళ్లూ పోయకూడదు. అసలే తప్పుదారి పట్టిన ముద్ద వెనకాల నీళ్లను కూడా అదే దారిన పంపినట్టవుతుంది. కాస్త ముందుకు వంచి కూర్చోబెట్టి, దగ్గనివ్వాలి. దగ్గలేక, మాట రాక, ముఖం నీలంగా మారితే మాత్రం అది ఊపిరి ఆగే స్థితి. వెంటనే వీపు మీద, భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా చరుస్తూ 108కి ఫోన్ చేయించాలి.

దగ్గుకన్నా పెద్ద ప్రమాదం దగ్గు రాకపోవడం. పక్షవాతంలో గొంతు కండరాలతో పాటు గొంతులోని స్పర్శ కూడా మొద్దుబారవచ్చు. అప్పుడు కాఫీ, మజ్జిగ, లాలాజలం చుక్కచుక్కగా ఊపిరిగొట్టంలోకి దిగుతున్నా మనిషికి తెలియదు. దగ్గు లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. ఎదురుగా కూర్చున్న భార్య "ఇవాళ చక్కగా తాగారు" అని సంతోషిస్తుంది. రెండు రోజులకు జ్వరం, ఆయాసం, గళ్ల. నెమ్ము చేసిందంటారు. అంటే న్యుమోనియా. మార్టినో బృందం లెక్క ప్రకారం మింగుడు దెబ్బతిన్నవాళ్లకు న్యుమోనియా ముప్పు మిగతావాళ్లకన్నా మూడు రెట్లు ఎక్కువ. ఆహారం ఊపిరిగొట్టంలోకి పోతోందని తేలినవాళ్లకు పదకొండు రెట్లు.

చప్పుడు లేని ఈ జారుడును ఇంట్లో కనిపెట్టడం కష్టమే గానీ, ఆనవాళ్లు కొన్ని దొరుకుతాయి. అన్నిటికన్నా పనికొచ్చేది గొంతు. నీళ్లు తాగించాక "ఆ..." అనమనండి. అంతకుముందు పొడిగా ఉన్న గొంతు గురగురలాడుతూ తడిగా వినిపిస్తే, స్వరతంత్రుల మీద ఏదో నిలిచి ఉంది. నోరు తెరిపించి చూస్తే బలం లేని బుగ్గలో పావుగంట కిందటి మెతుకులు ఉండిపోవచ్చు. పావుగంటలో ముగిసే భోజనం ముప్పావుగంట పట్టడం, పాలు ముక్కులోకి ఎగదన్నడం, మూతి పక్కనుంచి చొంగ కారడం, కారణం తెలియని సాయంత్రపు జ్వరం, వదులవుతున్న బట్టలు కూడా అలాంటి ఆనవాళ్లే. కొండనాలుక దగ్గర పుల్ల తగిలించి వాంతి వచ్చినట్టయితే గుటక బాగున్నట్టే అని కొందరు నమ్ముతారు. ఆ రెండూ వేరు. వాంతి వచ్చినట్టయినవాళ్లు సరిగా మింగలేకపోవచ్చు, రానివాళ్లు చక్కగా మింగవచ్చు.

నోట్లో ఏదైనా పోసే ముందు

మూతి వంకరపోయి, మాట తడబడి, మనిషి కుప్పకూలగానే చుట్టూ చేరినవాళ్లు చేసే మొదటి పని నీళ్లు తాగించడం. ఎవరో సోడా తెస్తారు, ఎవరో నాలుక కింద మాత్ర పెడతారు, ఎవరో తులసి తీర్థం పోస్తారు. అందరిదీ ప్రేమే. అయినా ఆ ఘడియలో నోట్లో ఏదీ పోయకూడదు. గేటు పడుతుందో లేదో తెలియకుండా రైలును వదలడమే అది.

ఆసుపత్రిలో చేరిన వెంటనే, తిండీ నీళ్లూ మాత్రలూ ఇచ్చే ముందు, గుటక పరీక్ష జరగాలి. శిక్షణ పొందిన నర్సు చేయగల పరీక్ష ఇది. ముందు మెలకువ, మాట, దగ్గు చూస్తారు. తర్వాత చెంచాడు నీళ్లతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతారు. ఇంత చిన్న పని ఫలితమిస్తుందా? ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 పక్షవాత విభాగాల్లో ఒక అధ్యయనం జరిగింది. కొన్ని విభాగాల్లో నర్సులకు మూడు విషయాలు పట్టుగా నేర్పారు: జ్వరాన్ని తగ్గించడం, చక్కెరను అదుపులో ఉంచడం, గుటక పరీక్షించడం. మూడు నెలలకు చూస్తే, నేర్పిన చోట్ల చనిపోయినవాళ్లూ ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లూ నూటికి 42 మంది. నేర్పని చోట్ల 58. కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రం లేదు. 2011లో వచ్చిన ఈ ఫలితాన్ని మన జిల్లా ఆసుపత్రుల్లో ప్రతి వార్డు గోడ మీద రాసి పెట్టాలన్నది నా అభిప్రాయం.

చెంచా పరీక్షలో అనుమానం వస్తే లోపలికి చూడాల్సిందే. అందుకు రెండు మార్గాలున్నాయి. ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన ముద్దను మింగిస్తూ వీడియో తీయడం ఒకటి. ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి గొంతును పైనుంచి చూడటం రెండోది. ఈ పని చేసేవాళ్లను స్పీచ్ థెరపిస్టులంటారు. పేరు చూసి మాటలు నేర్పేవాళ్లు మాత్రమే అనుకుంటారు గానీ, గుటక నేర్పేదీ వాళ్లే. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ లాంటి సంస్థలు ఇందులో శిక్షణ ఇస్తాయి. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో దొరికే ఈ సేవ చిన్న ఊళ్లకు ఇంకా చాలా దూరంలో ఉంది.

మంచినీళ్లు, జావ, చారన్నం

ముద్ద దిగుతుంది గానీ నీళ్లు దిగవు అంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. జబ్బుపడ్డవాళ్లకు గట్టి పదార్థం కష్టం, పలచనిది తేలిక అని మనకు అలవాటైన లెక్క. గుటక దెబ్బతింటే ఆ లెక్క తలకిందులవుతుంది. నీళ్లు నాలుక మీద నిలవవు. కబురు అందేలోపే, గేటు పడేలోపే గొంతులోకి జారిపోతాయి. చిక్కటి జావ నెమ్మదిగా కదులుతుంది, గేటు పడటానికి వ్యవధి ఇస్తుంది.

ఎంత చిక్కగా ఉండాలి? "కాస్త చిక్కగా" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఐ.డి.డి.ఎస్.ఐ. అనే అంతర్జాతీయ నిపుణుల బృందం తిండినీ పానీయాలనూ సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది మెట్లుగా విభజించింది. పానీయాల మెట్టు తేల్చడానికి మందుల షాపులో దొరికే పది మిల్లీలీటర్ల సిరంజి చాలు. సున్నా గీత నుంచి పది గీత దాకా 61.5 మిల్లీమీటర్ల పొడవుండేది తీసుకోవాలి. ముందుకొసను వేలితో మూసి, జావను పది గీత దాకా పోసి, వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూయాలి. ఎంత మిగిలిందో చూడాలి. నీళ్లయితే ఏమీ మిగలదు, అది సున్నా మెట్టు. ఒకటి నుంచి నాలుగు మి.లీ. మిగిలితే మొదటి మెట్టు, నాలుగు నుంచి ఎనిమిది మిగిలితే రెండు, ఎనిమిది దాటితే మూడు. చుక్క కూడా కారకపోతే నాలుగు. థెరపిస్టు "రెండో మెట్టు ఇవ్వండి" అంటే, వంటింట్లో ఎవరు కాచినా అదే చిక్కదనం వస్తుంది.

మన రాగిజావ ఇందుకు బాగా పనికొస్తుంది, కానీ దాని గుణం ఎరిగి వాడాలి. పొయ్యి మీద పలచగా ఉన్నది చల్లారితే బిగుస్తుంది. అందువల్ల తాగించే వేడిలోనే సిరంజిలో పోసి చూడాలి. రెండోది చాలామందికి తెలియదు. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది. ఎంగిలి చెంచాను గిన్నెలో ముంచి ముంచి తినిపిస్తుంటే చిక్కటి జావ భోజనం ముగిసేలోపే నీరుగారుతుంది. చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగా పోసుకుంటూ ఉండాలి. షాపుల్లో అమ్మే చిక్కబరిచే పొడుల్లో జాంథన్ గమ్‌తో చేసినవి ఎంగిలికి పలచబడవు.

అన్నిటికన్నా మోసం చేసేది చారన్నం. మెత్తగా ఉందని పెడతారు. అందులో రెండు రకాలున్నాయి, పలచటి చారు, గట్టి మెతుకు. నోరు మెతుకును నమిలే పనిలో ఉండగానే చారు ముందే గొంతులోకి జారుతుంది. సాంబారులో తేలే ఇడ్లీదీ, మజ్జిగన్నానిదీ అదే కథ. అదే ఇడ్లీని ముద్దపప్పుతో మెత్తగా మెదిపి, విడిగా నీరు కనిపించకుండా చేస్తే బాగా దిగుతుంది. గడ్డపెరుగుతో పిసికిన మెత్తటి అన్నం, ఉడికించి మెదిపిన కూరగాయలు, మెత్తని అరటిపండు గుజ్జు ఇలాంటివే. ఐస్‌క్రీం మెత్తగా కనిపించినా నోట్లో కరిగి నీరవుతుంది. మరమరాలు, జంతికలు, వేరుశనగపలుకులు, అప్పడం, పీచు మామిడి దూరంగా ఉంచాలి. తాలింపు వేస్తే కరివేపాకు, ఎండుమిరపతొక్క, ఆవాలు ఏరేయాలి. లేదా తాలింపు గింజలు పడకుండా ఆ నూనెను వడకట్టి కలిపితే వాసనా రుచీ మిగులుతాయి. ఉప్పూకారం తెలియని గుజ్జును నెలల తరబడి తినమనడం అన్యాయం.

చిక్కటి పానీయాలకు ఇంకో వైపూ ఉంది. దాహం తీరినట్టు ఉండదు, కాబట్టి తక్కువ తాగుతారు. ఒంట్లో నీరు తగ్గుతుంది. మరీ చిక్కనిది గొంతులో అంటుకుని మిగిలిపోతుంది. అవి ఊపిరిగొట్టంలోకి జారడాన్ని తగ్గిస్తాయని పరికరాల్లో కనిపించింది గానీ, న్యుమోనియాను అంతే బలంగా తగ్గిస్తాయన్న రుజువు బలహీనంగా ఉంది. అందుకని కొన్ని చోట్ల నోరు శుభ్రంగా తోమాక, భోజనానికీ భోజనానికీ మధ్య, థెరపిస్టు అనుమతితో కొందరికి మామూలు మంచినీళ్లు ఇస్తారు. నోరు తోమాకే ఎందుకన్నది కింద చెబుతాను. చిక్కదనం ఎప్పుడు తగ్గించాలో మళ్లీ పరీక్షించి నిర్ణయించాలి. ఒకసారి రాసిన చీటీ జన్మంతా సాగకూడదు.

మాత్రల సంగతి ఒక మాట. దిగడం లేదని అన్నిటినీ పొడిచేసి అరటిపండులో పెట్టకూడదు. నెమ్మదిగా విడుదలయ్యేవీ, పైపూత ఉన్నవీ పొడిచేస్తే మోతాదు తప్పుతుంది. ఏది పొడిచేయవచ్చో డాక్టరునో ఫార్మసిస్టునో అడగాలి.

తినిపించే చెయ్యి

మనలో చాలామందికి గ్లాసు ఎంగిలి చేయకుండా, తల వెనక్కి వాల్చి, నీళ్లు ఎత్తి పోసుకునే అలవాటు ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. గుటక దెబ్బతిన్నాక ఇంతకన్నా ప్రమాదం లేదు. తల వెనక్కి వాలగానే నీరు నాలుక అదుపులో లేకుండా సూటిగా పడుతుంది, ఊపిరిగొట్టం నోరు తెరుచుకునే ఉంటుంది. పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడమూ అంతే.

మనిషిని నిటారుగా, వీలైతే కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టాలి. తినిపించేవాళ్లు నిలబడకూడదు. నిలబడి పెడితే ఆ మనిషి తలెత్తి చూస్తారు, తల వెనక్కి వాలుతుంది. ఎదురుగా కూర్చుని, చెంచాను గడ్డం కిందినుంచి తేవాలి. చిన్న చెంచా, అందులో సగం. బలమున్న బుగ్గ వైపు పెట్టాలి. స్వరపేటిక లేచి దిగడం కంటితో చూశాకే రెండో చెంచా. ఒక ముద్దకు రెండు గుటకలు వేయమనడం మంచిది. మొదటిదానిలో మిగిలింది రెండోదానితో వెళ్తుంది. మాటలు తర్వాత, టీవీ తర్వాత. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి.

కొందరికి గడ్డాన్ని రొమ్ము వైపు వంచి మింగమంటారు. కొందరికి తలను బలం లేని వైపు తిప్పమంటారు. అలా తిప్పితే గొంతులో ఆ పక్క ఇరుకై, ముద్ద బలమున్న పక్కనుంచి దిగుతుంది. ఇవి అందరికీ పనికిరావు. గడ్డం వంచితే ఎక్కువగా జారేవాళ్లూ ఉన్నారు. పరీక్ష చేసినవాళ్లు చెబితేనే చేయాలి.

ఇంత జాగ్రత్తలోనూ మరిచిపోయేది నోటి శుభ్రం. ఆరోగ్యవంతుల్లో కూడా దాదాపు సగం మందికి నిద్రలో లాలాజలం కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. వాళ్లకు నెమ్ము చేయదు. ఎందుకంటే జారింది ఎంత అన్నదే కాదు, అందులో ఎన్ని క్రిములున్నాయన్నదీ లెక్కే. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు సాగిన అధ్యయనం 1999లో వెలువడింది. ప్రతి భోజనం తర్వాత పళ్లు తోమించి, వారం వారం దంతవైద్యులు చూసినవాళ్లలో నూటికి 11 మందికి న్యుమోనియా వచ్చింది. అలా చేయనివాళ్లలో 19 మందికి. మెత్తటి బ్రష్‌తో పళ్లు, చిగుళ్లు, నాలుక, బలం లేని బుగ్గ లోపల, కట్టుడు పళ్లుంటే వాటిని తీసి, రోజుకు కనీసం రెండుసార్లు, తిన్న ప్రతిసారీ అయితే ఇంకా మంచిది.

ముక్కులో పైపు

నోటిద్వారా చాలినంత పోనప్పుడు ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు వేస్తారు. ఇది వేశారంటే ఇక ఆశ లేదని ఇంట్లోవాళ్లు కుంగిపోతారు. అలా అనుకోనక్కర్లేదు. గుటక తిరిగి వచ్చేదాకా ఒంటికి బలం చేరవేసే దారి అది. అనేక దేశాల ఆసుపత్రులు కలిసి చేసిన, 2005లో వెలువడిన ఫుడ్ అధ్యయనంలో, తొలి వారాల్లో పొట్టకు రంధ్రం చేసి వేసే పెగ్ గొట్టం కంటే ముక్కు గొట్టమే మేలని తేలింది. రెండుమూడు వారాలు దాటినా గుటక రాకపోతే అప్పుడు పెగ్ గురించి ఆలోచిస్తారు. పైపు ఉంది కాబట్టి న్యుమోనియా రాదనుకోవడం పొరపాటు. లాలాజలం ఊరుతూనే ఉంటుంది, జారుతూనే ఉంటుంది. తినడం లేదు కదా అని నోరు తోమడం మానేస్తే క్రిములు ఇంకా పెరుగుతాయి. పైపులో పోసేటప్పుడూ, పోశాక కాసేపూ తల ఎత్తులో ఉండాలి.

పైపు ఉన్నప్పుడే గుటకకు వ్యాయామం మొదలుపెట్టవచ్చు. వెల్లకిలా పడుకుని భుజాలు ఆనించే ఉంచి తల మాత్రం ఎత్తి కాలివేళ్లు చూడటం, బలమంతా పెట్టి గుటక వేయడం, గుటక మధ్యలో స్వరపేటికను పైనే పట్టి ఉంచడం వంటివి థెరపిస్టులు నేర్పుతారు. మెడనొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్లకు అన్నీ సరిపడవు. పక్కవాళ్లను చూసి చేయకూడదు.

ఇల్లు చేరాక కంగారుపడే కంటే, ఆసుపత్రి గడప దాటకముందే అడగండి. గుటక పరీక్ష చేశారా? ఏ మెట్టు తిండి, ఏ మెట్టు పానీయం ఇవ్వాలి? మళ్లీ పరీక్ష ఎప్పుడు? జవాబులు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో అన్నం తినిపించబోయేది ఎవరో వాళ్లను పిలిపించి, నర్సు ముందే ఒక పూట తినిపించమనండి.